లాంగ్‌టర్మ్‌కు పంపేముందు ఒక మాట



నీట్‌లో సీటు రాలేదంటే మన పాతపట్నంలో వెంటనే వినబడే మాట, "లాంగ్‌టర్మ్‌కి పంపించండి." పంపవద్దని నేననను. అయితే నీట్‌కు గరిష్ఠ వయసు లేదు, ఎన్నిసార్లైనా రాయవచ్చు. ప్రభుత్వం గీత గీయలేదు గనుక ఇంట్లో మనమే గీసుకోవాలి. ఒక ఏడాదా, రెండేళ్లా? బిడ్డను అడిగి ముందే తేల్చుకోండి. పొలం తాకట్టు పెట్టి, ఆ భారం వాళ్ల చదువు మీద మోపకండి.

మోషే నలభై ఏళ్లు మిద్యానులో గడిపాడు, మామ మందలు కాశాడు. ఆ ఏళ్లు వృథా కాలేదు. ఎంబీబీఎస్ రాకపోయినా నర్సింగ్, ఫిజియోథెరపీ కూడా రోగి మంచం దగ్గరికే నడిపిస్తాయి.

ర్యాంకు ఎంతైనా, ఫలితాలు వచ్చిన రాత్రి బిడ్డను అన్నానికి పిలిచే మీ గొంతు మారకూడదు. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.