తూకం వేశారు, మాటేదీ?

లావుగా ఉన్న మనిషి కడుపుతో ఉందంటే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆమెకు దక్కేవి రెండే. ఇంట్లో కంచం నిండా అన్నం, ఆసుపత్రిలో చెవుల నిండా తిట్లు. "రెండు పేణాలే తల్లీ, ఇంకో ముద్ద తినీ" అని అత్త కొసరి కొసరి వడ్డిస్తుంది. "ఇంత ఒళ్లు పెంచుకుని కానుపుకొచ్చావా" అని బల్ల ఎక్కేటప్పుడు కసురుతారు. నడుమ తొమ్మిది నెలల్లో ఎంత బరువు పెరగొచ్చో కూర్చోబెట్టి చెప్పే మనిషి మాత్రం కనబడరు.

ఊబకాయం పట్నం రోగమనీ, మనవన్నీ బక్కచిక్కిన వలస బతుకులేననీ ఇంకా నమ్మేవాళ్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో నూటికి 36 మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశంలో అది 24. పలాసలో పొద్దుకూకేదాకా కూర్చుని జీడిపప్పు వలిచే ఆమెకు చవగ్గా కడుపు నింపేది తెల్లన్నమే. చోడి అంబలి తాగి పెరిగిన ఊళ్లలో చోడి పంటే తగ్గిపోయింది. ఆమె ఒళ్లు ఆమె బద్ధకమని తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

నా అసలు కోపం ఒక అంకె మీద. ఏఎన్ఎంల కోసం కేంద్ర ఆరోగ్యశాఖ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గర్భిణి 9 నుంచి 11 కిలోలు పెరగాలని ఉంది. బక్కామెకూ అదే, బరువామెకూ అదే! అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లోనే, ఎత్తుకు బరువెంతో చెప్పే బీఎమ్‌ఐని బట్టి వేరువేరు లెక్కలిచ్చింది: బక్కపలచని ఆమెకు పన్నెండున్నర నుంచి 18 కిలోలు, బీఎమ్‌ఐ 30 దాటిన ఆమెకు 5 నుంచి 9. మన దేశపు కొలతలో 25 దాటితే చాలు, ఊబకాయమే. 150 సెంటీమీటర్ల ఎత్తున్న ఆమె 57 కిలోలుంటే ఆ గీత దాటినట్టే, 68 ఉంటే 30 కూడా దాటినట్టే. ఎత్తు కొలవకుండా బరువొక్కటే రాస్తే ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

తెలియకపోతే జరిగేది చిన్న నష్టం కాదు. షుగరు వస్తుంది, బీపీ పెరుగుతుంది, బిడ్డ మరీ పెద్దదై కానుపులో భుజాలు ఇరుక్కుంటాయి. ఆపరేషన్ కుట్లు చీము పడతాయి, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, బిడ్డ కడుపులోనే పోయే ముప్పు పెరుగుతుంది. అందరికీ ఇవన్నీ వస్తాయని కాదు. కానీ అసలే మన రాష్ట్రంలో నూటికి 42 కానుపులు కత్తితోనే అవుతున్నాయని అదే సర్వే చెప్పింది.

కడుపు మాడ్చమని నేననడం లేదు. గర్భంలో బరువు తగ్గించుకునే ప్రయత్నం తగదు. అన్నం కాస్త తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప పెంచాలి. డాక్టరు వద్దనకపోతే రోజూ అరగంట నడవాలి. చలిమిడి వేడుకనాడు తినాలి, నెలంతా కాదు. గర్భిణుల ఆహారం, వ్యాయామం మీద 36 పరిశోధనల సమాచారాన్ని కలిపి 2017లో లెక్క తీస్తే బరువు పెరుగుదల సగటున 0.7 కిలోలే తగ్గింది. ఇంతేనా అంటారు. సిజేరియన్లూ కొంత తగ్గాయి, మరి అది తక్కువా?

కొత్త భవనాలు అడగడం లేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్లే పరీక్షలు చేయాలన్న కార్యక్రమం 2016 నుంచీ ఉంది. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూసే షుగరు పరీక్ష తొలి రాకలోనే చేయాలని జాతీయ మార్గదర్శకాల్లో ఉంది. డాక్టరమ్మలారా, ఏఎన్ఎం అక్కలారా, రాబోయే 9నే వచ్చిన ప్రతి గర్భిణి ఎత్తూ కొలవండి. ఆమెకు తగిన కిలోల అంకె ఆమె గర్భిణి కార్డు మీద రాసి, అత్తనూ మొగుణ్ణీ పిలిచి చదివి వినిపించండి. అమ్మా, నీ కార్డులో ఆ అంకె లేకపోతే రాయించుకునేదాకా కుర్చీలోంచి లేవకు.