కార్బొరేటర్ మార్చే ముందు మూత చూడండి!

పండక్కి ఉప్పాడ వెళ్తే మావయ్య దిగాలుగా ఉన్నాడు. బోటు ఇంజిన్ కాసేపు బానే లాగుతోంది, తర్వాత ఎంత తిప్పినా ఫుల్ స్పీడ్ అందుకోవట్లేదు. "కార్బొరేటర్ మార్చాలంటున్నారు అల్లుడూ. ఒడ్డు దగ్గర అలలు దాటేటప్పుడు మొరాయిస్తే బోటు తిరగబడుద్ది" అన్నాడు.

ఆఫీసులో బగ్ వస్తే కోడంతా తిరగరాయం కదా, ఒక్కో అనుమానం తీర్చుకుంటూ వెళ్తాం. ఇక్కడా అదే చేశాం. ఫ్యాన్‌కి వల ముక్కలేం చుట్టుకోలేదు. కేబుల్ చివరిదాకా లాగుతోంది. ప్లగ్గులు ఓకే. నీళ్లలో నడిపి, స్పీడ్ పడిపోగానే పెట్రోల్ పైపు మధ్యలోని రబ్బరు బల్బు చూశాం. చప్పగా అణిగిపోయి ఉంది! అంటే అడ్డు ట్యాంకు వైపే ఉంది.

ట్యాంకు మూత వదులు చేయగానే 'సుయ్‌'మని గాలి లోపలికి పోయింది. మూతకుండే గాలి రంధ్రం ఉప్పు పట్టి పూడుకుపోయింది. పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రాకపోతే పంపు ఎంతని లాగుతుంది? స్ట్రా పెట్టిన సీసా మూతి బిగించి తాగి చూడండి, తెలుస్తుంది.

మీ బల్బు అణగకుండా, పిసికినప్పుడు మాత్రం స్పీడ్ పెరిగితే ఇంజిన్ మీది పెట్రోల్ పంపుని అనుమానించండి.

మంచినీళ్లతో కడిగి, పిన్నుతో పొడిచాం. ఖర్చు సున్నా. మర్నాడు తెల్లారకముందే మావయ్య వేటకెళ్లిపోయాడు.