ఎత్తుకు ఎంతసేపు?

మీది ఏ ఊరైనా సరే, కాసేపు గాజువాకలో ఉన్నామనుకుందాం. మీ నాన్నగారితో కలిసి జంక్షన్ దగ్గర కంప్యూటర్లు అమ్మే దుకాణానికి వెళ్లారు. "ఏటి బాబూ, గేముల కోసమేనా?" అంటూ దుకాణదారు మూడు కంప్యూటర్లు చూపించాడు. ఒకటి 3.6 గిగాహెర్ట్జ్, రెండోది 4.4, మూడోది 5. మీ చెయ్యి మూడోదాని మీదికే పోతుంది. మొదటిదానికీ మూడోదానికీ ధరలో తేడా పాతికవేలు. మీ నాన్నగారు ఒకసారి మీ మొహం చూస్తారు, ఒకసారి పర్సు చూసుకుంటారు. ఆ పాతికవేలు ఖర్చుపెట్టనక్కరలేదేమోనని నా అనుమానం. ఎందుకో చెబుతాను, వినండి.

ఇంతకీ మీరు ఆడేది ఏ ఆట? కారు పందేలైతే సంగతి వేరు. చదరంగంలాగా, మన పులి-మేకలాగా ఆలోచించి ఎత్తు వేసే ఆటల మాటే నేను చెబుతున్నాను. 'సివిలైజేషన్' వంటి ఆటలో మీరు ఊళ్లు కడతారు, సైన్యాలు నడుపుతారు. మీ వంతు కాగానే మిగతా రాజ్యాల తరఫున కంప్యూటరు ఆడుతుంది. మొదట్లో దానికి రెప్పపాటు చాలు. రెండు వందల వంతులు గడిచి పటమంతా ఊళ్లతోనూ సైన్యాలతోనూ నిండాక, మీరు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవలసిందే. మిమ్మల్ని విసిగించేది ఈ ఎదురుచూపు. మరి కొలవవలసినదీ దాన్నే కదా!

కాని దుకాణంలో ఎవరూ దీన్ని కొలవరు. సెకనుకు ఎన్ని బొమ్మలు తెర మీదికి వస్తాయో చెబుతారు. బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఎత్తు ఆలోచించే పని చాలావరకు ప్రాసెసరుది. 2016లో వచ్చిన ఆరో 'సివిలైజేషన్'లో ఈ రెంటికీ రెండు వేరు వేరు పరీక్షలు పెట్టారు. ఒకటి బొమ్మల వేగం చెబుతుంది. రెండోది కంప్యూటరు తన వంతుకు సగటున ఎన్ని సెకన్లు తీసుకుందో చెబుతుంది. మనకు కావలసినది రెండోది.

పోనీ, ప్రాసెసరు మీది గిగాహెర్ట్జ్ అంకెనైనా నమ్మవచ్చా? 3.6 గిగాహెర్ట్జ్ అంటే లోపలి గడియారం సెకనుకు 360 కోట్ల సార్లు కొట్టుకుంటుందని మాత్రమే అర్థం. ఒక్కో దెబ్బకు ఎంత పని జరుగుతుందో ఆ అంకె చెప్పదు. 2004లోనే ఇంటెల్ వారి పెంటియం 4 ప్రాసెసరు 3.8 గిగాహెర్ట్జ్ దాకా వచ్చింది. ఈనాటి 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు పక్కన పెడితే అది తేలిపోతుంది.

"ఇందులో ఎనిమిది కోర్‌లున్నాయి" అంటాడు దుకాణదారు. అంటే ఎనిమిదిమంది పనివాళ్లన్నమాట. గాజువాక పిల్లలకు ఈ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. పక్కనే ఉన్న ఉక్కు కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులు కట్టారు. వాటికి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చక్కటి పేర్లు కూడా పెట్టారు. ఫర్నేసులో కరిగిన ఇనుము ఉక్కు కావాలి, ఉక్కును దిమ్మలుగా పోత పోయాలి, ఆ దిమ్మలు రోలింగ్ మిల్లులో కడ్డీలు కావాలి. మిల్లు నిదానంగా నడుస్తుంటే నాలుగో ఫర్నేసు కట్టి ఏం లాభం? దిమ్మలు గుట్టలు పడతాయి, అంతే. ఆటలోనూ ఇదే చిక్కు. మొదటి రాజ్యం సైన్యాన్ని ఎటు నడిపిందో తేలితేనే గాని రెండో రాజ్యం తన ఎత్తు నిర్ణయించుకోలేదు. కంప్యూటరు వంతుకు 20 సెకన్లు పడుతోందనీ, అందులో 12 సెకన్ల పని ఒకదాని వెనుక ఒకటిగానే జరగాలనీ అనుకోండి. మిగిలిన 8 సెకన్ల పనిని ఎనిమిదిమందికి పంచితే ఒక్క సెకనులో అయిపోతుంది. మొత్తం 13 సెకన్లు. పనివాళ్లు ఎనిమిది రెట్లయినా వేగం రెట్టింపైనా కాలేదు! జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజనీరు 1967లోనే ఈ సంగతి చెప్పాడు.

పోనీ, వేగం నిజంగానే పెరిగిందనుకుందాం. అప్పుడు కంప్యూటరు బాగా ఆడుతుందా? చదరంగంలో ఒక్కో స్థితిలో సుమారు 30 ఎత్తులు సాధ్యమని క్లాడ్ షానన్ 1950లో లెక్కవేశాడు. ఒక ఎత్తు ముందుకు చూడాలంటే 30 స్థితులు, రెండైతే 900, మూడైతే 27,000, నాలుగైతే 8,10,000. కనుక అన్నీ గుడ్డిగా వెతికే యంత్రం ఇంకొక్క ఎత్తు దూరం చూడాలంటే 30 రెట్లు వేగం కావాలి. పనికిరాని దారులను ముందే వదిలేసే ఉపాయం ఉంది. అది బాగా కుదిరినా అయిదారు రెట్లు కావలసిందే. మీ 5 గిగాహెర్ట్జ్ పెట్టె, దెబ్బకు జరిగే పని సమానమనుకున్నా, 3.6 దానికంటే ఒకటిన్నర రెట్లయినా లేదు. పాతికవేలకు అర ఎత్తు కూడా రాదన్నమాట!

1997 మే నెలలో ఐబీఎం వారి డీప్ బ్లూ ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను 3½–2½ తేడాతో ఓడించింది. అది సెకనుకు 20 కోట్ల స్థితులు చూడగలదని పత్రికలన్నీ రాశాయి. అంతకుముందు ఏడాది 4–2తో ఓడిపోయిన యంత్రం కన్నా దీని వేగం రెట్టింపే. నిజమే. కాని ఆ ఏడాదిలోనే జోయెల్ బెంజమిన్ అనే గ్రాండ్‌మాస్టరును కూర్చోబెట్టుకుని దాని చదరంగ జ్ఞానాన్నీ సరిదిద్దారు. రెండూ ఒకేసారి మార్చాక గెలిచింది దేనివల్లనో ఎలా చెబుతాం? 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరైన మన గుడివాడ కోనేరు హంపిని సెకనుకు ఎన్ని స్థితులు చూస్తావని ఎవరైనా అడిగారా?

2017లో వచ్చిన ఆల్ఫాజీరో సెకనుకు చూసినది వేలల్లోనే. దాని ప్రత్యర్థి స్టాక్‌ఫిష్ కోట్లలో చూసేది. అయినా 100 ఆటల్లో 28 గెలిచి, ఒక్కటీ ఓడకుండా ఆల్ఫాజీరో నెగ్గింది. అయితే స్టాక్‌ఫిష్‌కు మెమరీ తక్కువ ఇచ్చారనీ, కాలపరిమితి కూడా దానికి అనుకూలం కాదనీ విమర్శలు వచ్చాయి. అవి సబబైన విమర్శలే. పోటీ షరతులు మార్చి 1000 ఆటలు ఆడించారు. 2018లో ప్రకటించిన ఆ ఫలితం: ఆల్ఫాజీరో గెలిచినవి 155, ఓడినవి 6. పోలిక అంటే ఇలా ఉండాలి.

ఈ పని మీరూ చేయవచ్చు. మీ స్నేహితుడి ఇంట్లో ఆ ఆట ఉంటే, రెండు వందల వంతులు దాటిన ఆటను దాచి పెన్‌డ్రైవులో తీసుకోండి. పోల్చదలచిన కంప్యూటర్లలో ఆట ఒకే వెర్షన్ ఉండాలి. దాచిన ఆటనే తెరిచి, వంతు ముగించే మీట నొక్కి, మళ్లీ మీ వంతు వచ్చేదాకా సెల్‌ఫోను గడియారంతో కొలవండి. ప్రతిసారీ అక్కడినుంచే మొదలుపెట్టి అయిదుసార్లు చేసి, మధ్య అంకె తీసుకోండి. ఇంకో మాట. విశాఖ ఉక్కపోతలో కంప్యూటరు వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దుకాణంలో ఏసీ గదిలో వచ్చిన అంకె మే నెల మధ్యాహ్నం మీ ఇంట్లో రాకపోవచ్చు. అందుచేత అరగంట ఆడించిన తరవాతే కొలవండి.

దుకాణదారు ఒప్పుకోడంటారా? అడిగి చూడండి. పాతికవేల బేరం కదా, అరగంట కుర్చీ ఇవ్వడా ఏం?