అసలు పని అంచుల కాడనే

ఈ నడుమ మన హనుమకొండ, కాజీపేట దిక్కు ఎండీఎఫ్ షీట్ తెచ్చుకొని, దుకాణంలనే కొలతకు కోయించుకొని, ఇంట్ల అరలు సొంతంగ బిగించుకునేటోళ్లున్నరు. మంచి పని. మన గోడకు, మన పుస్తకాలకు సరిపోయేటట్టు మనమే చేసుకోవచ్చు. రంగు కాడికొచ్చేసరికే చిక్కు. పలక మీద రంగు నున్నగ కూసుంటది, కోసిన అంచు మాత్రం ఎన్ని కోట్లేసినా గరుకు గరుకే. రంగు మంచిది కాదనుకొని ఇంకో ఖరీదైన డబ్బా కొంటరు. పాపం, రంగు ఏం చేస్తది?

ఎండీఎఫ్ అంటే కట్టెను నారనారగ విడగొట్టి, జిగురు కలిపి, వేడి మీద అదిమిన పలక. అదిమినప్పుడు రెండు ముఖాలు గట్టిపడతయి, నడుమ వదులుగనే ఉంటది. కోస్తే ఆ వదులు భాగం బయటపడి, ఎంత రంగేసినా తాగుతది. నీళ్ల ప్రైమర్ పూస్తే నార ఉబ్బి పైకి లేస్తది.

గందుకే ముందుగాల అంచు సంగతి చూడాలె. 180 నంబరు ఎమ్రీ కాగితంతోని, తర్వాత 240తోని రుద్దుండ్రి. మూల పదునుగ ఉంటే రంగు దాని మీద నిలువదు, కాగితంతోని కొంచెం మొండిగ చేయాలె. దుమ్మును పొడి బట్టతోనే తుడువాలె. ఇగ కట్టెకు పెట్టే లప్పం తీసుకొని అంచు పొడుగునా పలచగ గుంజుండ్రి. గోడల లప్పం వద్దు, అండ్ల నీళ్లుంటయి. ఆరినంక రుద్ది, నూనె ప్రైమర్ ఒక కోటు ఏయాలె. అది ఆరినంక అంచు మీద ఏలు ఆడిస్తే, లేచిన నార తగులుతది. 320తోని మెల్లగ రుద్దితే పోతది. మళ్ల ఇంకో కోటు ప్రైమర్.

రాత్రిపూట లైట్లు బంద్ చేసి, టార్చిని పలకకు ఆనించి అడ్డంగ కొట్టి చూడుండ్రి. పగటిపూట కనబడని గీతలు, గుంటలు నీడలతోని తేలుతయి. వాటిని అప్పుడే లప్పంతోని సరిచేయాలె. పైన ఏసే ఎనామిల్ రంగు మెరుపు వాటిని దాచదు, ఇంకింత చూపెడతది.

ఈ ఓపిక మన దిక్కు ఎప్పటినుంచో ఉన్నదే. 2016 దాకా వరంగల్ జిల్లాల ఉన్న చేర్యాలనే చూడుండ్రి, ఇప్పుడది సిద్దిపేట జిల్లాలకు పోయింది. అక్కడ పటాలు గీసే నకాషీ కళాకారులు ముసుగులు, బొమ్మలు చేసేది రంపపు పొట్టు, చింతగింజల జిగురుతోని. కట్టెపొడికి జిగురు కలిపి గట్టి వస్తువు చేసుడంటే ఎండీఎఫ్ సూత్రమే గద! పటం గీసే ఖద్దరు బట్ట మీదనైతే గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక కలిపి పూతలేస్తరు. ఒకటి ఆరినంకనే ఇంకోటి. 2007ల జీఐ గుర్తింపు తెచ్చుకున్న ఆ పటాలల్ల ఎర్రటి నేపథ్యం అంత నిండుగ నిలిచేది కింద ఆ తెల్లటి పూత కుదిరినందుకే.

రంగు ఏసుడు చిన్న పని. 4 అంగుళాల ఫోమ్ రోలరుతోని పలచగ రెండు కోట్లు, గంతే. వానకాలం గాలిల తేమ ఉంటది కాబట్టి కోటుకు కోటుకు నడుమ ఒక రోజన్న ఇయ్యాలె. ముట్టుకుంటే ఆరినట్టున్నా లోపల మెత్తగనే ఉంటది, ఓ వారం దాకా పుస్తకాలు పెట్టొద్దు. అట్టలు అతుక్కుంటయి. రుద్దేటప్పుడు మాస్కు మాత్రం మరువద్దు, ఆ దుమ్ముల జిగురు గూడ ఉంటది. పిల్లల్ని దగ్గరికి రానియ్యొద్దు.

చివరగ ఒక్కమాట. కోయించినంక మిగిలిన ముక్క పారేయకుండ్రి. లప్పం కాడికెల్లి ఆఖరి కోటు దాకా అంతా ముందుగాల దాని మీదనే చేసి చూడుండ్రి. ఆ ముక్క అంచు ఏలికి నున్నగ తగిలినంకనే అరల మీద చెయ్యి పెట్టుండ్రి.