కొత్త పెట్టనిదే ముద్ద ముట్టరు

ఈమధ్య మా నర్సీపట్నంలో ఏ ఇద్దరు ఆడవాళ్లు కలిసినా సుగర్ మాటే, ఆ వెంటనే కొర్రల మాట. "కొర్రన్నం తిన్నాక తగ్గింది వదినా" అని ఒకరు, "మాకు సామలే పడ్డాయి" అని ఇంకొకరు. మంచిదే, నేనూ వండుతున్నాను. కానీ ఆ గింజని మందుబిళ్లలా చూడటం మాత్రం నాకు నచ్చదు. లంబసింగి ఘాట్ రోడ్డు ఎక్కి వెళ్తే, అదే కొర్రని దేవతకి పెట్టకుండా నోట పెట్టుకోని ఊళ్లున్నాయి.

చింతపల్లి, పాడేరు వైపు బగతలు, కొండదొరలు, కోదులు "కొత్తలు" చేస్తారు. కొర్రకొత్త, చిక్కుడుకొత్త, మామిడికొత్త. చెట్టునిండా కాయలు వేలాడుతున్నా సరే, ఊరంతా ఒక రోజు అనుకుని గ్రామదేవతకీ, పోయిన పెద్దలకీ పెట్టాకే తినడం. చైత్రంలో ఇటుకల పండుగకైతే విత్తనాలకే పూజ.

దీన్ని మూఢనమ్మకం అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ముందు పండినవాళ్లు ముందు తినేసి, వెనకబడ్డవాళ్లు చూస్తూ కూర్చోవడం ఉండదు కదా! కాయకీ ముదిరే వ్యవధి దొరుకుతుంది. అందరికీ విస్తళ్లు పడ్డాకే వడ్డన మొదలెట్టే మనకి ఇది ఒకరు విప్పిచెప్పాలా? అసలు ఉగాది పచ్చడి తిన్నాకే కొత్త మామిడికాయ ముట్టే పెద్దవాళ్లు మన ఇళ్లలోనూ ఉండేవారు. ఉగాది ముందు వచ్చే అమావాస్యని మన వైపు కొత్త అమావాస్య అనే అంటాం, అనకాపల్లి నూకాలమ్మ జాతర అప్పుడే. ఇప్పుడు మనకి అన్నీ అన్ని నెలల్లోనూ దొరుకుతున్నాయి, ఇంక కొత్తేముంది!

ఎక్కడో దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలవాళ్లూ ఇంతే. భూమిని పచమామ అని తల్లిగా కొలుస్తారు, మొక్కజొన్న కల్లు తాగేముందు ఆవిడకని కాస్త నేలమీద ఒంపుతారు. వాళ్ల కినోవా పేరున ఐక్యరాజ్యసమితి 2013ని ప్రకటించింది, మన చిరుధాన్యాల పేరున 2023ని. రెండుసార్లూ మనదాకా వచ్చింది పీచెంత, మాంసకృత్తులెంత అన్న పట్టికే. ఆ గింజకి దండం పెట్టే చేతులు ఏ పాకెట్ మీదా కనపడవు.

కొండమీదా రోజులు మారాయి. రేషన్ బియ్యం వస్తున్నాయి, కాఫీ, మిరియాలు డబ్బు తెస్తున్నాయి. కొర్ర అలా కాదు. కలుపు తియ్యాలి, పిట్టల్ని తోలాలి, దంచాలి, చెరగాలి. అందులో ఎక్కువ చాకిరీ ఆడవాళ్లదే. మాకొద్దు అంటే కాదనడానికి మనమెవరం? మన సుగర్ కోసం వాళ్లు నడుములు విరుచుకోవాలా? కానీ కొర్ర చల్లడం మానేసిన ఊళ్లో కొర్రకొత్త దేనితో చేస్తారు? కొనితెచ్చిన గింజ పెడితే అది కొత్త అవుతుందా? ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

చాకిరీకి తగ్గ ధర వస్తే కొందరైనా వేస్తారేమో. ఆ ధర దగ్గరే మన బుద్ధి బయటపడుతుంది. రంగుల పాకెట్‌లో వస్తే మీద అచ్చేసిన రేటు నోరు మూసుకుని ఇస్తాం. అదే కొండ దిగి వచ్చినావిడ సంతలో కొలిచి పోస్తుంటే, "ఇంకో గుప్పెడు వెయ్యమ్మా" అని సంచీ చాపుతాం.