ఎక్లూట్నా నీటి పంపకము: ఆంకరేజ్ నగరసభకు బహిరంగ లేఖ

ఆంకరేజ్ నగరసభా సభ్యులారా,

అలాస్కాలోని మన నగరమున కొళాయి త్రిప్పినంతనే వచ్చెడి నీటిలో అధికభాగము ఎక్లూట్నా హిమానీనదము కరగి నింపెడి సరస్సుదేయని మీరెఱుగనిది కాదు. అయినను 1955నాటి జలవిద్యుత్కేంద్రము ఆ జలములో సింహభాగమును గ్రహించుచుండగా, మన దాహము తీర్చునది స్వల్పాంశమే. సాల్మన్ చేపలతో ఎక్లూట్నా గ్రామపు దెనాయినా ఆదివాసులను పోషించిన, ఆ సరస్సునుండి వెడలెడి నదియో, సరస్సు చెంతనున్న ఆనకట్టకు దిగువ దశాబ్దములపాటు ఎండియుండెను. 2018లో నదికి మఱింత దిగువనున్న వేఱొక పాత ఆనకట్టను తొలగించిరి, మంచిదే. నీరు లేని ఏటికి అడ్డు తొలగిననేమి? హిమానీనదము కృశించుచున్నది గనుక, నేటి వేసవి ప్రవాహము ముందుముందు కుంచించుకొనిపోవును. కావున త్రాగునీటికి ప్రథమముగను, నదికి పిదపను, శేషమును మాత్రమే విద్యుత్తునకును కేటాయింపుడు. ఆ లెక్కను ప్రతివత్సరము ప్రజలకు ప్రకటింపుడు.

ఇట్లు,
ఒక నగరవాసి