ఇంటిపేరు దక్కని లెన్సు

సావనీరు అనగానే మనవాళ్లు విద్యా విధానం మీద, నిరుద్యోగం మీద, స్త్రీ స్వేచ్ఛ మీద రాస్తారు. రాయవలసిందే. నేను మాత్రం ఒక పాత కెమెరా లెన్సు మీద రాయదలచుకున్నాను. "అది ఎవరికి పనికొస్తది?" అని మిత్రులు అడిగారు. మన ఇళ్లలో డెబ్బై దాటిన ముసలివాళ్లు ఉన్నంతవరకు అందరికీ పనికొస్తుందని నా వాదన.

దాని పేరు నికాన్ సిరీస్ ఇ, 100 మిల్లీమీటర్లు, ఎఫ్ 2.8. మన ఫిజిక్సు పుస్తకంలో లెన్సును కటకం అన్నారు గాని, సూర్యాపేటలో గాని కోదాడలో గాని స్టూడియోకు పోయి "కటకం చూపించండి" అంటే ఎగాదిగా చూస్తారు. కాబట్టి లెన్సు అనే అందాం. 85 నుంచి 135 మిల్లీమీటర్ల దాకా ఉన్నవాటిని చిన్న టెలిఫొటో లెన్సులంటారు. చెట్టుమీది పిట్టను దగ్గరికి లాగేంత పొడుగు లేదు, పెళ్లి పందిరి మొత్తం పట్టేంత వెడల్పూ లేదు. ఒక మనిషి, ఆ మనిషి ముఖం, భుజాలు. అంతవరకే దాని పని.

1979లో నికాన్ కంపెనీ ఇఎం అనే చిన్న కెమెరాను బజారుకు తెచ్చింది. పెద్ద కెమెరా కొనే స్తోమత లేనివాళ్లకు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఉద్దేశించింది అది. దాని రూపం దిద్దినవాడు ఇటలీ కార్ల డిజైనరు జుజారో. చౌక కెమెరాకు చౌక లెన్సులు కావాలి గదా, అందుకని 35, 50, 100 మిల్లీమీటర్ల లెన్సులు మూడు తోడుగా చేశారు. అప్పటిదాకా ఆ కంపెనీ లెన్సుల మీద 'నిక్కర్' అన్న పేరు ఉండేది. అది వాళ్ల ఇంటిపేరు. ఈ కొత్త లెన్సులకు మాత్రం ఆ పేరు పెట్టలేదు, 'సిరీస్ ఇ' అని రాసి వదిలేశారు. అక్కడక్కడ ఇత్తడి, అల్యూమినియం ఉండవలసిన చోట ప్లాస్టిక్ పెట్టారు, గాజు మీద పూత తగ్గించారు. ఒకే ఇంట్లో పుట్టిన పిల్లకు ఇంటిపేరు ఇయ్యకుండా వాకిట్లో కూర్చోబెట్టినట్టు! పేరు లేదు గనుక విలువా లేదన్నారు జనం. ఇప్పటికీ పాత లెన్సుల బేరాల్లో ఇది నిక్కర్ 105 కంటే చౌకగానే పోతుంది. మనుషుల విషయంలోనే ఈ జబ్బు ఉందనుకున్నాను, గాజుముక్కల్ని కూడా వదల్లేదు.

నిక్కర్ 105, ఎఫ్ 2.5 అంటే ఈ లెన్సుకు అన్నగారు. 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ ఒక అఫ్ఘాన్ బాలిక ఫొటో తీశాడు. 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా వచ్చిన ఆ పచ్చ కళ్లను చూడనివాళ్లు తక్కువ. ఆ ఫొటోతో ఆ లెన్సు పేరు కూడా మోగిపోయింది. దాన్ని నేను తక్కువ చేయను. గట్టిది, ఎదురెండను బాగా తట్టుకుంటుంది. కాని దాని బరువు 435 గ్రాములు, మన దానిది 215. దానిలో అయిదు గాజులుంటే దీనిలో నాలుగే. ఎఫ్ 4 దగ్గర పెట్టి రెంటితోనూ ఒకే ముఖాన్ని తీసి, గోడకు పెట్టే సైజులో ప్రింటు వేయించి చూశాను. ఏది దేనిదో వెనక రాసుకున్న అంకె చూసుకుంటే తప్ప నాకు తెలియలేదు.

నాకీ లెన్సు మా మేనమామ దగ్గర దొరికింది. ఆయన మిర్యాలగూడలో చాలా ఏండ్లు స్టూడియో నడిపాడు. గ్రూపు ఫొటోలకు రెండు కండ్ల యాషికా, అందులో ఊటీలో తయారైన ఇందు ఫిలిం రోలు, పెళ్లిళ్లకు వేరే కెమెరా. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన డబ్బు అవసరం పడి అమ్మితే ఈ 100 కొన్నాడట. "ఇది దేనికి మామా?" అంటే, "ముఖాలకు రా. దూరం కూసోని తీస్తే మనిషి మనిషి లెక్క ఉంటడు" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఉన్న శాస్త్రం నాకు తర్వాత లెక్క వేసుకుంటే గాని బోధపడలేదు.

ఆ లెక్క చిన్నదే. మనిషి ముక్కు కొసనుంచి చెవి దాకా సుమారు 12 సెంటీమీటర్ల లోతు ఉంటుందనుకోండి. సెల్‌ఫోన్లో మామూలుగా వాడే లెన్సు వెడల్పుది. దానితో తల, భుజాలు నిండుగా రావాలంటే 40 సెంటీమీటర్ల దగ్గరికి పోవాలి. అప్పుడు ముక్కు 40 దూరంలో, చెవి 52 దూరంలో ఉంటాయి. అంటే చెవితో పోలిస్తే ముక్కు ఉండవలసిన దానికన్నా ముప్పై శాతం పెద్దగా పడుతుంది. ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోయి, నుదురు బల్లపరుపై, మన అమ్మమ్మ మనకే కొత్తగా కనిపిస్తుంది. అదే ముఖాన్ని రెండు మీటర్ల నుంచి చూడండి. 200కు 212, తేడా ఆరు శాతం. 100 మిల్లీమీటర్ల లెన్సు రెండు మీటర్ల నుంచి తల, భుజాల్నే నిండుగా పడుతుంది. తేడా లెన్సుది కాదు, మనం నిలబడ్డ చోటుది. లెన్సు చేసేదల్లా మనల్ని ఆ సరైన చోట నిలబెట్టడమే.

ఫోన్లో కూడా టెలి లెన్సు వస్తున్నది గదా అంటారు. వస్తున్నది, ఖరీదైన ఫోన్లలో. ఈ పాత లెన్సు చెప్పిన మాట నిజమని ఒప్పుకున్నందువల్లే అది వచ్చింది. లేనివాళ్లు కూడా రెండడుగులు వెనక్కి పోయి తీసి, తర్వాత చుట్టూ కత్తిరించుకోవచ్చు. ముఖం ఆకారం దెబ్బతినదు, వివరం మాత్రం కొంత పోతుంది. వెనకనున్నదాన్ని మసక చేసే ఫోను మాయ సంగతి వేరు. అది నెరిసిన వెంట్రుకల దగ్గరికొచ్చేసరికి తడబడి, సగం కొప్పును గోడలో కలిపేస్తుంది. ఈ లెన్సుకు ఆ పని గాజులోనే ఉంది. రెండు మీటర్ల దూరంలో 2.8 దగ్గర పెడితే స్పష్టంగా ఉండేది ఆరేడు సెంటీమీటర్ల మందం. కళ్లు, ముక్కు, పెదవులు తేటగా ఉండి, చెవుల దగ్గర మెత్తబడటం మొదలై, వెనక వేలాడే దండెం, గోడ మీది క్యాలెండరు కరిగిపోతాయి.

తెలుగులో మనకొక మంచి మాట ఉంది, ఫొటో దిగడం. తీసేవాడు తీస్తాడు, దిగేవాడు దిగుతాడు. దిగడమంటే ఆ మనిషి కూడా ఒక పని చేస్తున్నట్టే గదా? చీర కొంగు సవరించుకుంటాడో, తలపాగా సర్దుకుంటాడో, కాసేపు శ్వాస బిగబడతాడో, అదంతా దిగడంలో భాగం. ముఖానికి మూరెడు దూరంలో ఫోను పెడితే ఎవరూ దిగరు, తప్పించుకుంటారు. రెండు మీటర్లంటే మంచం మీద కూర్చున్న అవ్వకు, గడపలో కూర్చున్న మనవడికి మధ్య ఉండే దూరం. మాట వినబడుతుంది, ఊపిరి తగలదు. అలాగని ఇది దొంగచాటు లెన్సు కూడా కాదు. 300, 400 మిల్లీమీటర్లతో చెట్టుచాటునుంచి మనిషికి తెలియకుండా తీయవచ్చు. 100తో అట్లా కుదరదు. ఆ మనిషి మనల్ని చూస్తూనే ఉంటుంది. అడగాలి, ఒప్పుకున్నాకే తీయాలి.

రెండేళ్లకొకసారి సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. "ఓ లింగా" అనే కేకలు, భేరీల మోత, గజ్జెల లాగులు, నెత్తిన గంపలతో గట్టెక్కే ఆడవాళ్లు. పోయినసారి నేను చూసింది, భక్తుల కంటే ముందు ఎత్తిన ఫోన్లే. గంప ఎత్తుకున్న తల్లి దారి చూసుకోలేక ఆగిపోతే, ఎదురుగా నిలబడి నవ్వమనే కుర్రాళ్లు! నేను దారి పక్కన ఒక బండ మీద కూర్చుని 100తో తీశాను. ఎవరి దారికీ అడ్డం పోలేదు. ఒక గొల్ల పెద్దాయన నన్ను చూసి ఆగి, కర్ర నిలబెట్టి, తనంతట తాను దిగాడు. నేను తీసిన వాటిలో నాకు నచ్చింది అదొక్కటే.

రాళ్లకు కూడా ఈ లెన్సు పనికొస్తుంది. పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం 1208 నాటిది, రేచర్ల రెడ్ల కాలంనాటిది. ఆ నల్లరాతి స్తంభాల మీది చెక్కడాలు ఎత్తున ఉంటాయి, వెడల్పు లెన్సుతో తీస్తే స్తంభాలు లోపలికి వాలిపోయినట్టు పడతాయి. కొంచెం దూరం జరిగి 100తో తీయండి. కాకపోతే లోపల వెలుతురు తక్కువ, చెయ్యి కదలకుండా ఉండాలి. ఇది పక్క సంగతి. నా మాట ముఖాల గురించే.

ఎందుకంటే పోయినేడు మా నాయినమ్మ చెల్లెలు చనిపోయింది. కోదాడ దగ్గరి పల్లె. ఎనభై ఏండ్లు బతికిన మనిషికి ఇంట్లో ఒక్క ఫొటో లేదు. పెళ్లిళ్ల ఆల్బముల్లో వెతికితే ఎక్కడో మూలన, సగం తల. ఫోన్లలో మనవళ్లతో సెల్ఫీలు ఉన్నాయి, అన్నింట్లోనూ ఆమె ముఖం అంచున సాగిపోయి ఉంది. చివరికి గుర్తింపు కార్డు మీది అగ్గిపెట్టెంత బొమ్మను పెద్దది చేసి, ఫ్లెక్సీ వాళ్లు బుగ్గలకు రంగు పూసి, లేని బంగారు గొలుసు మెడలో వేసి ఇచ్చారు. దినాల నాడు దండ వేయడానికి వచ్చిన మా నాయినమ్మ ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి, "గీమె ఎవలురా?" అన్నది. తోడబుట్టిన చెల్లెలు గదా, ఎవరూ జవాబు చెప్పలేదు.

సూర్యాపేట తాలూకా పేరు చరిత్రలో ఎందుకు నిలిచిందో మనకు తెలుసు. తెలంగాణ సాయుధ పోరాటం నాటి మనుషులు ఎట్లా ఉండేవారో ఈనాడు చూడగలుగుతున్నామంటే సునీల్ జానా వంటివాళ్లు కెమెరాలు పట్టుకుని ఇటు వచ్చినందువల్లే. తర్వాత మన వరంగల్ బిడ్డ భరత్ భూషణ్ పల్లె గోడల్ని, బతుకమ్మల్ని, ఆడవాళ్ల ముఖాల్ని ఏండ్ల తరబడి తీశారు. 2022లో ఆయనా పోయారు. వాళ్లు పెద్దవాళ్లు. కాని మిర్యాలగూడ రైసుమిల్లులో ఊక దుమ్ము నెత్తిన పడ్డ హమాలీని, సూర్యాపేట మార్కెట్ యార్డులో వడ్ల రాశి పక్కన కునుకు తీసే రైతును, సాగర్ ఎడమ కాలువ నీళ్లు మొదటిసారి పొలానికి వచ్చిన రోజు గుర్తున్న ముసలాయనను తీయడానికి ఎవరో పెద్దవాళ్లు రావాలా? వాళ్లు మన ఇండ్ల వాళ్లే గదా.

ఇక లోపాలు చెప్పకపోతే అమ్మకపు మాటలవుతాయి. ఎదురెండలో ఈ లెన్సు పాలిపోతుంది. పొద్దు ముందుంటే అరచెయ్యి అడ్డం పెట్టుకోండి, లేదా 52 మిల్లీమీటర్ల మూతికి సరిపోయే హుడ్ కొనుక్కోండి. మీటరు కంటే దగ్గరికి ఫోకస్ కాదు. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, ఆటో లేదు. నికాన్ చౌక డిజిటల్ బాడీల మీద లైటు మీటరు దీనితో పలకదు, ఒకటి తీసి చూసి సరిచేసుకోవాలి. చిన్న సెన్సారు బాడీ మీద ఇది 150 లెన్సులాగా పనిచేస్తుంది, అప్పుడు మూడు మీటర్లు వెనక్కి జరగాలి. మన పల్లె ఇళ్లలో లోపల అంత చోటు దొరకదు, అరుగు మీదికి రమ్మనాలి. ఎట్లాగూ వెలుతురు అక్కడే బాగుంటుంది. అద్దం లేని కొత్త కెమెరాలకు అడాప్టరు పెట్టుకుంటే మాత్రం సుఖం, కన్ను భాగాన్ని పెద్దది చేసి చూస్తూ ఫోకస్ చేయవచ్చు. పాతవి కొనేటప్పుడు గాజులో బూజు పట్టిందేమో దీపం ముందు పెట్టి చూడండి. ప్లాస్టిక్ అని పెదవి విరవకండి. మా మామది ఇన్నేండ్లయినా పగల్లేదు.

మా ఊళ్లో డెబ్బై దాటినవాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకున్నాను, నలభై మూడు వచ్చాయి. మొదట మా నాయినమ్మను తీశాను. ప్రింటు చూసి, "ముడతలన్నీ పడ్డయి" అని కాసేపు అలిగి, తర్వాత దాన్ని దుప్పట్ల కింద దాచిపెట్టుకుంది. ఇప్పటికి పదకొండు ముఖాలు అయినాయి. జాబితాలో ఇద్దరు నేను పోయేలోపే పోయారు. ఈ ఆదివారం పన్నెండో ఆమె దగ్గరికి పోతున్నాను, పొద్దున ఎనిమిదింటికి అరుగు మీదికి నీడ వస్తుందని ఆమే కబురు చేసింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా లెన్సు హాస్టల్లో ఖాళీగానే ఉంటుంది. ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకుపోవచ్చు, అడాప్టరుతో సహా.